ఫ్లెక్సీ మీది తలకాయలు

"నా మొహం జర తెల్లగ చెయ్యి స్నిగ్ధా. పోయినసారి దాంట్ల బొగ్గుబావిలకెళ్లి వచ్చినట్టున్న," అన్నాడు ఉజ్వల్, చాయ్ కప్పుతో వంటింట్లోకి వచ్చి ఆమె భుజం మీదుగా ల్యాప్‌టాప్‌లోకి తొంగిచూస్తూ.

స్నిగ్ధ ఒక చేత్తో ఉప్మా కలుపుతూ, ఇంకో చేత్తో మౌస్ కదుపుతూ మొగుడి మొహానికి తెలుపు పూసింది. పెళ్లయి కరీంనగర్ వచ్చినప్పటి నుంచీ ఈ ఇంట్లో ఆమె పూయని మొహం లేదు. మామ జనార్దన్‌రావు పుట్టినరోజుకో ఫ్లెక్సీ, ఉజ్వల్ దోస్తు గృహప్రవేశానికో ఫ్లెక్సీ, ఊళ్లోకి ఏ నాయకుడొస్తే వాడికో ఫ్లెక్సీ. "ఇంట్ల డిజైనర్ ఉండంగ బయటోళ్లతోని ఎందుకు?" అనేవాడు ఉజ్వల్ దర్జాగా. అదే డిజైన్‌లో పీజీ చేస్తానని ఆమె అడిగిన రోజున మాత్రం "నీకు వచ్చు గదా, మళ్ల చదువుడెందుకు?" అన్నాడు. అత్తగారు ఇంకో మెట్టు పైకెక్కి, "గోడల మీద బొమ్మలేసుటానికి కూడ కాలేజా? మంచిగనే ఉన్నది సంబరం!" అని నవ్వింది. అయినా చేరింది మహాతల్లి. తెల్లారకముందే లేచి వంట ముగించి, పిల్ల డబ్బా కట్టి, అందరి చాయ్‌లూ అందించి, అప్పుడు ల్యాప్‌టాప్‌లో పాఠాలు వినేది.

జనం తమ ఊరి బాధను తామే బొమ్మగానో పటంగానో తయారుచేసుకుని అధికారుల ముందు పెట్టేలా చేయడం ఎట్లాగో నేర్పే చదువది. చివరి ప్రాజెక్టుకు స్నిగ్ధ చొప్పదండి దగ్గరి ఒక ఊరి అంగడిని ఎంచుకుంది. వారం వారం పొద్దున్నుంచి పొద్దూకేదాకా కూరగాయలమ్మే ఆడవాళ్లకు అక్కడ మరుగుదొడ్డి లేదు. ఎక్కడికి పోతున్నారో, ఎక్కడ భయపడుతున్నారో వాళ్లే అంగడి పటం మీద గుర్తులు పెట్టాలి. ఆ పటం పంచాయతీకి పోవాలి, కాలేజీకీ పోవాలి. అది లేకుంటే డిగ్రీ లేదు. "గిది పాస్ గాకుంటే ఇగ బంద్. పిల్ల చదువు చూస్కో," అని ఉజ్వల్ ముందే తేల్చేశాడు.

ఈ ఫ్లెక్సీ ఆ పటం కార్యక్రమానికే. "ఊళ్లె నిన్నెవలు గుర్తువడ్తరు? నా ఫోటో పెట్టు, మర్యాదగ వస్తరు," అన్నాడు. ఆయనది పెట్టాక మామగారిది పెట్టకుంటే బాగుండదు. మామగారిది పెట్టాక ఆయన వెంట తిరిగే పెద్దమనుషులవి పెట్టకుంటే అస్సలు బాగుండదు. అట్లా పైన వరసగా తలకాయలే తలకాయలు. అందరూ దండం పెడుతున్నవాళ్లే. కింద మూలకు చిన్న అక్షరాల్లో 'నిర్వహణ: శ్రీమతి ఉజ్వల్‌రావు' అని రాసింది. అది మాత్రం ఎవరూ అడగలేదు, తానే రాసుకుంది.

అంగడి రోజు మహిళా సంఘం భవనం గుమ్మానికి ఫ్లెక్సీ కట్టి, లోపల చాప పరిచి, స్కెచ్ పెన్నులు పెట్టుకుని కూచుంది. ఆడవాళ్లను తోలుకొస్తానని టమాటలమ్మే శంకరవ్వ మాటిచ్చింది. వచ్చారు కూడా. గుమ్మానికి అల్లంత దూరాన ఆగి, ఫ్లెక్సీకేసి చూసి, గుసగుసలాడుకుని, కొంగులు సర్దుకుని వెనక్కి మళ్లారు. ఇంకో గుంపు వచ్చింది. వాళ్లూ అంతే. స్నిగ్ధ చటుక్కున లేచింది. చెప్పులు కూడా వేసుకోకుండా ఉరికింది.

"శంకరవ్వా, ఎటు వోతున్నరు? లోపటికి రారాదు!"

"ఏం రావాలె బిడ్డా! ఆడోళ్ల ముచ్చటంటివి. గీడ జూస్తె పెద్ద పెద్దోళ్లందరు ఉన్నరాయె. గసొంటి ముచ్చట మొగోళ్ల ముంగట ఎట్ల చెప్తం? సిగ్గు గాదా?"

"లోపట ఎవ్వలు లేరవ్వా. నేనొక్కదాన్నే ఉన్న."

"మరి గీ బొమ్మలెవలు ఏసిన్రు?"

"ప్రింటింగ్ దుకాణపోళ్లు," అనేసింది స్నిగ్ధ.

అన్నాక మొహం భగ్గుమంది. అబ్బ, ఎంత తేలిగ్గా వచ్చింది అబద్ధం! ఉప్మా కలుపుతూ తానే కూర్చిన ముఖాలు. ఇంట్లో వాళ్లు తన పనిని చిన్నచూపు చూసినప్పుడల్లా కడుపు మండేది, ఇప్పుడు తన నోటితోనే ఆ పని తనది కాదన్నది. రెండేళ్లుగా ఆడవాళ్ల గొంతు, ఆడవాళ్ల గొంతు అని వ్యాసాలు రాసి, ఆడవాళ్లను పిలవాల్సొస్తే మొగవాళ్ల తలకాయలు వేలాడదీసింది. తన ముఖం పెట్టుకోవాలన్న ఆలోచన కూడా రాలేదు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. వాళ్లు పోయినా బాగుండు, ఎవరూ చూడకుండా తానూ బస్సెక్కి ఇంటికి పోవచ్చు. కానీ శంకరవ్వ కదలకుండా ఆమె మొహంకేసే చూస్తోంది.

"కాదు. నేనే ఏసిన శంకరవ్వా," అంది తలవంచుకుని. "తప్పైంది."

గబగబా వెళ్లి తాళ్లు విప్పింది. ఫ్లెక్సీని లోపలికి ఈడ్చుకొచ్చి, తలకాయలు నేలకు ఆనేలా బోర్లా పరిచింది. వెనకవైపు అంతా తెల్లగా ఉంది. దాని మీద అంగడి దారి గీసింది, చింతపండు దుకాణం గీసింది, లారీలు ఆగే చోటు గీసింది.

శంకరవ్వ గడప దాటి వచ్చింది. కాసేపు నిలబడి చూసి, కూచుని, పెన్ను పట్టుకుంది. "గిక్కడ. తుమ్మచెట్ల ఎనుక. లారీలోళ్లు నిలవడి చూస్తరు," అని ఎర్రగా గుండ్రం చుట్టింది. వెనకాలే వచ్చిన, ఆకుకూరలమ్మే కోమల, "నేనైతె అంగడి రోజు పొద్దుగాలకెళ్లి నీళ్లే తాగ. తాగితె ఎటు వోవాలె?" అంది. అంతే, ఒక్కొక్కరూ వచ్చి చుట్టూ చేరారు. తెలుపంతా ఎర్ర గుర్తులతో నిండింది. చివరికి మిగిలిన కాస్త చోటులో వాళ్లు తమ పేర్లు రాశారు, రాయరాని వాళ్లవి కోమల రాసింది. వాళ్ల పక్కన స్నిగ్ధ తన పేరు రాసింది. శ్రీమతీ లేదు, రావూ లేదు, ఉత్త స్నిగ్ధ.

ఫోన్ మోగింది. "ఫ్లెక్సీ ఫోటో పంపు. స్టేటస్ పెట్టాలె," అని ఉజ్వల్ మెసేజ్.

ఆమె పటం ఫోటో తీసి పంపింది. క్షణంలో జవాబొచ్చింది. "ఇదేంది? ఇందుల నేనేడున్న?"

అలవాటు ప్రకారం వేళ్లు 'సారీ' అని కొట్టాయి. దాన్ని చెరిపేసి మళ్లీ రాసింది.

"మీరు లేరు. నేనున్న."