లిఫ్టక్క బదులు

లిఫ్టక్కకి కంటి ఆపరేషనంటే భయం లేదు. ఆ తర్వాత వారం పాటు ఫోను చూడకూడదని డాక్టరు చెప్పిన మాటకే గుండెల్లో రాయి పడింది. ఆమె ఫోను చూడకపోతే ఆ షాపు నడవదు మరి!

షాపంటే లిఫ్టులు బాగుచేసే షాపు. రెండు గదులు, మధ్యలో చెక్కగోడ. అటు గదిలో ఆమె మొగుడు కాలిపోయిన మోటార్లకి తీగ చుడుతుంటాడు. ఇటు గదిలోంచి ఆమె తమ్ముడు పనిముట్ల సంచి భుజానేసుకుని, లిఫ్టు ఆగిపోయిన చోటికల్లా పరుగెడుతుంటాడు. ఈ బావాబావమరుదులు మాట్లాడుకుని నాలుగేళ్ళయింది. ఒకసారి తమ్ముడు లిఫ్టు గుంతలో ఉండగా కరెంటు వచ్చి, కాలు విరిగింది. స్విచ్చి వేసింది నువ్వంటే, వెయ్యమంది నువ్వని ఇద్దరూ పంతం పట్టారు. కాలు అతుక్కుంది గానీ మాట అతుక్కోలేదు.

అప్పట్నుంచీ ఆఫీసు మెసేజ్ యాప్‌లో ఆయన లిఫ్టక్కకి రాస్తాడు, ఆమె తమ్ముడికి రాస్తుంది. తమ్ముడి జవాబూ అదే దారిలో వెనక్కి వెళుతుంది. గోడ మీద వేలితో కొడితే వినబడే దూరానికి ఎంత తతంగమో చూడండి! చెబితే వినే రకాలా వాళ్ళు? తను మధ్యలో లేకపోతే వారం తిరక్కుండా ఇద్దరూ చెరో షాపు పెట్టుకుంటారని, ఎవరి షాపులో కూర్చోవాలో తెలియక తను నలిగిపోతానని ఆమె బెంగ.

అందుకే ఆపరేషనుకి ముందురోజు పొద్దున్నే కూతురికి ఫోన్ చేసి, అది చెప్పినట్టల్లా నొక్కి, ఆ యాప్‌కి ఒక ఏఐ అసిస్టెంటుని తగిలించింది. ఇకమీద ఎవరేం రాసినా నేరుగా దానికే రాయండని ఇద్దరికీ గట్టిగా చెప్పింది.

ఏయే సంభాషణలు చూడవచ్చని అసిస్టెంటు అడిగింది.

"అన్నీ చూడు నాయనా, నీ దగ్గర దాపరికమేముంది" అని రాసింది లిఫ్టక్క.

సందేశాలు ఎలా చేరవెయ్యమంటారని అడిగింది.

"ఇన్నాళ్ళూ నేనెలా చేరవేశానో అలాగే."

అక్కడే కొంప మునిగింది. ఆమె చేరవేసే తీరు అలాంటిది. "నీ తమ్ముడికి బుద్ధుందా? తాడు మార్చమంటే గ్రీజు పూసి చేతులు దులుపుకొచ్చాడు" అని మొగుడు రాస్తే, తమ్ముడికి చేరేది ఇదీ: "ఎంత కష్టపడుతున్నాడో పాపం అంటున్నాడురా బావ. వీలు చూసుకుని ఆ తాడు కూడా మార్చెయ్యమన్నాడు." తమ్ముడు "కొత్త తాడు కొనిచ్చేదాకా నా జుట్టు పేనమంటాడా?" అని మండిపడితే, మొగుడికి "బావదే రైటు, కాస్త తాడు తెప్పించమను అంటున్నాడండీ" అని చేరేది. నాలుగేళ్ళ ఈ వంటకమంతా అసిస్టెంటు రెప్పపాటులో చదివేసుకుంది. చదువుకుని ఊరుకుందా? గురువుని మించిపోయింది.

కాసేపటికి మొగుడు రాశాడు: "మోటారు నా బల్ల మీద పడేసిపోయాడు. నోరు పడిపోయిందా, ఒక మాట చెప్పి పోవడానికి?"

తమ్ముడి ఫోను మోగింది: "మోటారు అందిందని మీ బావగారు చెప్పమన్నారు. అంత బరువు ఒక్కరే మోశారని బాధపడుతున్నారు. మీతో నోరారా ఒక్కమాట మాట్లాడాలని ఉందట."

ఇటు గదిలో తమ్ముడు నోరెళ్ళబెట్టాడు. "నాతోనా? సూర్యుడు ఎటు పొడిచాడో చూసుకోమను" అని కొట్టాడు.

అది మొగుడికి ఇలా చేరింది: "మీ బావమరిది గారు పొంగిపోయారు. ఆ రోజు జరిగినదానికి మిమ్మల్ని క్షమించమంటున్నారు."

"ఓరి నీ దుంపతెగ!" తన ఫోనులో అదంతా చూస్తున్న లిఫ్టక్క లేచి నిలబడింది. ఎంత వండినా ఆమె ఏనాడూ అంత దూరం పోలేదు. దాన్ని ఎక్కడ నొక్కి ఆపాలో వెతికేలోపే అటు గదిలో కుర్చీ కిర్రుమంది.

"నువ్వేంటి, నన్ను క్షమించమనడమేంటిరా!" మొగుడు తలుపు తోసుకొచ్చాడు.

"నేనెప్పుడన్నాను? నువ్వే కదా నాతో మాట్లాడాలని తపించిపోతున్నావు!"

"ఎవడు తపించింది?"

"ఇదిగో, నీ రాతే చూసుకో!"

ఇద్దరూ ఒకరి ఫోను ఒకరి మొహాన పెట్టుకున్నారు. చదువుకున్నారు. ఇంకా పైకి, పాత మెసేజిల్లోకి వెళ్ళారు. తలకాయలు దగ్గరకొచ్చాయి. కాసేపటికి రెండు తలకాయలూ ఒకేసారి లిఫ్టక్క వైపు తిరిగాయి.

"అక్కా, ఇవన్నీ నువ్వే అల్లావా?"

"మరేం చెయ్యనురా? మీరు తిట్టుకున్నవి తిట్టుకున్నట్టు చేరిస్తే ఈ షాపు మిగిలేదా?"

తమ్ముడికి కోపం రాలేదు, మొహం మాత్రం వాడిపోయింది. "నా కాలు విరిగినప్పుడు ఇక షాపు మొహం చూడనన్నాను. బావ ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాడని చెప్పావు. ఆ మాట మీదే తిరిగొచ్చాను. అదీ అల్లిందేనా?"

లిఫ్టక్కకి ప్రాణం చివుక్కుమంది. అల్లిందే. ఆ రోజు మొగుడు ఏడవడం ఆమె చూడలేదు. తమ్ముడు దూరమైపోతాడన్న భయంలో నోటికొచ్చిందేదో అనేసింది. ఇప్పుడు ఏ మాటా అల్లబుద్ధి కాలేదు. తల దించుకుంది.

మొగుడు గొంతు సవరించుకున్నాడు.

"మెట్ల మీద కాదురా. వెనకాల, స్కూటర్లు పెట్టే చోట."

ఆ సంగతి లిఫ్టక్కకి ఇన్నేళ్ళూ తెలియదు. ఆమెకి ఒక్కసారిగా ఏడుపు తన్నుకొచ్చింది.

"ఏడవకు, రేపు కంటి ఆపరేషను పెట్టుకుని" అని కసిరాడు మొగుడు. అలవాటు ఎక్కడికి పోతుంది, తమ్ముణ్ణి ఎదురుగా పెట్టుకునే ఆమెతో అన్నాడు: "పొద్దున్నే బయల్దేరాలి. నీ తమ్ముడొస్తాడేమో అడుగు."

లిఫ్టక్క నోరు తెరవబోయింది.

"వినబడింది బావా" అన్నాడు తమ్ముడు. "వస్తాను."

ఆమె ఒక్క మాట కూడా కలపలేదు.