గడప దాటిన ప్రార్థన

అమలమ్మ ప్రార్థన మొదలుపెట్టిందంటే మోకాళ్ళ కింద పాత చీర మడిచి వేసుకోవలసిందే. దేవుడికి అన్నీ ముందే తెలుసని మా అందరి నమ్మకం. అమలమ్మకు మాత్రం ఆ నమ్మకం కాస్త తక్కువ. ఎవరింట్లో ఎవరికి జ్వరం, ఏ డాక్టరు ఏ సూది వేశాడు, అది ఎందుకు పనిచెయ్యలేదు, అన్నీ వివరంగా ఆయనకు విన్నవించుకుంటే గానీ ఆమెకు తృప్తి ఉండదు. నా పేరు సంపూర్ణమ్మ. ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుడతాను. నోరు కొంచెం దురుసు. అమలమ్మ ప్రార్థన సాగుతున్నకొద్దీ కుట్టవలసిన జాకెట్లు గుర్తొచ్చి నాకు ఒళ్ళు మండేది.

కానీ మా గొలుసు ప్రార్థనకు ఒక కట్టుబాటు ఉంది. గుండ్రంగా మోకరించి వరసగా ఒకరి తరవాత ఒకరం ప్రార్థిస్తాం. మొదలుపెట్టిన మనిషి తనంతట తాను ముగించేదాకా ఎవరూ కళ్ళు తెరవకూడదు. మధ్యలో స్తోత్రమనో ఆమెన్ అనో అనవచ్చు, అంతే. దేవుడితో మాట్లాడుతున్నవాళ్ళను ఆపడానికి మనమెవరం అనేది మా కూడికకు పెద్దదిక్కు మణెమ్మక్క.

ఇది డెబ్బై నాలుగులో సంగతి. గుణదల రైలు గేటు అవతల మా పేట. మేరీమాత కొండ కూతవేటు దూరంలో ఉన్నా మేం ప్రొటెస్టెంట్లం. తిరునాళ్ళకు వచ్చే జనానికి దారిలో మంచినీళ్ళు పోసేవాళ్ళం గానీ కొండ ఎక్కేవాళ్ళం కాదు. బుధవారం సాయంత్రాలు మణెమ్మక్క ఇంట్లో చేరి, ఆ వారం ఎవరికి ఏం చేశాం, ఎక్కడ తప్పాం అన్నది దాచకుండా చెప్పుకుని, ఆ తరవాత ప్రార్థించేవాళ్ళం. శనివారాలు పెద్దాసుపత్రికి గంజి తీసుకెళ్ళి, తోడు మనిషి లేని రోగులకు తాగించి, ఒళ్ళు తుడిచి వచ్చేవాళ్ళం.

మణెమ్మక్క చాలాకాలం క్రైస్తవ మిషను తరఫున ఊరూరా తిరిగి వాక్యం చెప్పిన మనిషి. వీధి కుళాయి దగ్గర బిందెల కోసం జుట్లు పట్టుకున్నవాళ్ళు కూడా, ఎవరు ముందొచ్చారో మణెమ్మగారిని అడుగుదాం పదమనేవారు. ఆమె ఎవరిని చూపిస్తే వాళ్ళదే వంతు. ఎదురుమాట ఉండేది కాదు. ఆమెకు ఒక్కడే కొడుకు, జాన్‌బాబు. టీచరు ట్రైనింగు పూర్తిచేసి ఉద్యోగం లేక ఇంట్లో కూర్చున్నాడు.

మాలో అందరికన్నా బీదది దానమ్మ. భర్త పోయాక ఒక నర్సింగుహోములో ఆయాగా చేరి కూతుర్ని చదివించుకుంది. కుళ్ళిన పుళ్ళున్న రోగి దగ్గరికి మేం ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకుని వెళ్ళేవాళ్ళం. దానమ్మ మామూలుగా వెళ్ళి కూర్చునేది. ప్రార్థన చెయ్యమని రోగులు కూడా ఆమెనే అడిగేవారు. ఆమె ప్రార్థన చిన్నది. విన్నవాళ్ళకు నిద్ర పట్టేది.

దానమ్మ కూతురు మా దగ్గర రూతు, బడిలో రమాసుందరి. దీని వెనక ఉన్న సంగతి మా పేటలో అందరికీ తెలిసినదే, ఎవరూ పైకి అననిదే. క్రైస్తవులమని రాయించుకుంటే షెడ్యూల్డు కులాలకు ఉన్న రిజర్వేషను పోతుంది. బాప్తిస్మం తీసుకోగానే మనిషి కులం నీళ్ళలో కొట్టుకుపోతుందని ప్రభుత్వం నమ్మింది. మా పుట్టింటి ఊళ్ళో టీకొట్టువాడు మాత్రం నమ్మలేదు. మాకు వేరేగా పెట్టే గాజుగ్లాసు అలాగే ఉంచాడు. అందుకని దానమ్మ కూతుర్ని బడిలో హిందువని రాయించింది. ఉద్యోగం వచ్చి స్థిరపడ్డాక ఇప్పిద్దామని బాప్తిస్మం కూడా వాయిదా వేసింది. మణెమ్మక్క మాత్రం కొడుకును ఉన్నదున్నట్టు క్రైస్తవుడనే రాయించింది. ఇది తప్పు, అది ఒప్పు అని చెప్పమంటే నావల్ల కాదు. నాకు పిల్లలు లేరు, ఆ పరీక్ష నాకు రాలేదు.

ఆ ఏడు జిల్లా పరిషత్తు టీచరు పోస్టుల ఇంటర్వ్యూలకు రూతూ జాన్‌బాబూ ఇద్దరూ వెళ్ళారు. రూతుకు వచ్చింది. జాన్‌బాబుకు రాలేదు. హనుమాన్ జంక్షన్‌కు అవతల ఒక పల్లెటూళ్ళో రూతుకు పోస్టింగు ఇచ్చారు. అక్కడే గది తీసుకుని వారం వారం ఇంటికొచ్చేది. బడికి బొట్టు పెట్టుకుని వెళ్ళేది. ఇక్కడ బస్సు దిగి చెంగుతో తుడిచేసుకునేది. ఇంతవరకూ మాకు తెలుసు. ఏ కోటాలో వచ్చిందన్నది మేం అడగలేదు, ఆమె చెప్పలేదు. పట్టలేని సంతోషంలో దానమ్మ ఒక్క అమలమ్మ చెవిలో మాత్రం వేసింది, కృతజ్ఞత చెల్లించమని.

అమలమ్మ చెల్లించింది, ఆ బుధవారమే, గొలుసు ప్రార్థనలో.

"ప్రభువా, నీ బిడ్డ దానమ్మ మీద చూపిన కృపకై స్తోత్రం. ఆ పిల్లను హిందువని రాయించుకునే బుద్ధి నువ్వే పుట్టించావు తండ్రీ. ఎస్సీ కోటాలో ఒక్కటంటే ఒక్క పోస్టుంటే అది మన రూతుకే ఇప్పించావు..."

దానమ్మ నా పక్కనే ఉంది. ఆమె చెయ్యి నా మోచేతిని పట్టుకుంది.  ఎలాగైనా ఆపాలనిపించి గట్టిగా "ఆమెన్" అన్నాను. అమలమ్మ దాన్ని ప్రోత్సాహం అనుకుంది. గొంతు పెంచింది.

"అవును తండ్రీ! బాప్తిస్మం ఆపి ఉంచడం కూడా నీ చిత్తమే తండ్రీ. ఆ ఆఫీసర్ల కళ్ళు కప్పావు..."

చివరికి ముగించింది. తరవాతి వంతు దానమ్మది. "ప్రభువా" అంది. వెంటనే "ఆమెన్" అంది. ముగింపు ప్రార్థన మణెమ్మక్క రెండు మాటల్లో చేసి లేచింది. కళ్ళు తెరిచేసరికి మధ్యగది గుమ్మంలో జాన్‌బాబు నిలబడి ఉన్నాడు. ఎప్పటినుంచి ఉన్నాడో తెలియదు. ముఖం చూస్తే అంతా విన్నాడని తెలుస్తోంది.

"ఇక్కడ విన్నది ఈ గడప దాటకూడదు" అంది మణెమ్మక్క. మా అందరివైపూ తిరిగి అంది గానీ ఆ మాట ఎవరికో మాకు తెలుసు.

జాన్‌బాబు చెడ్డవాడు కాదు. చిన్నప్పటినుంచీ అబద్ధం ఆడితే అన్నం పెట్టని తల్లి దగ్గర పెరిగాడు. ఉన్నది ఉన్నట్టు రాయించుకున్నందుకు తను ఇంట్లో కూర్చున్నాడు. రాయించుకోనివాళ్ళకు జీతం వస్తోంది. పైగా అదే విషయానికి తన ఇంట్లోనే మోకాళ్ళ మీద స్తోత్రాలు చెల్లిస్తున్నారు. ఆ కుర్రాడి స్థానంలో నేనుంటే ఆ రోజే అమలమ్మను వీధిలోకి ఈడ్చేదాన్ని.

వానలు తగ్గాక ఒక శనివారం పొద్దున మణెమ్మక్క పెరట్లో గంజి కాస్తున్నాం. నేను కట్టెలు ఎగదోస్తున్నాను. దానమ్మ సత్తు గిన్నెలు కడుగుతోంది. రూతు అప్పుడే బస్సు దిగి నేరుగా అక్కడికి వచ్చింది, బొట్టు ఇంకా తుడుచుకోలేదు. తాలూకా ఆఫీసు నుంచి రెవెన్యూ ఇన్‌స్పెక్టరు భానుమూర్తిగారు వచ్చి పెరటి తలుపు దగ్గర చెప్పులు విడిచారు. మర్యాదస్తుడు. జాన్‌బాబు ఆయన వెనకే వచ్చి తులసికోటంత ఎత్తున్న నీళ్ళతొట్టి పక్కన నిలబడ్డాడు.

"మణెమ్మగారంటే మీరేనా అండీ? పాస్టరుగారి దగ్గరికి వెళ్ళొచ్చాను. ఆడవాళ్ళ కూడికల సంగతి తనకు అంతగా తెలియదు, మిమ్మల్నే అడగమన్నారు" అన్నారాయన. మా పాస్టరుగారు పీట జరిపినంత తేలిగ్గా ఇబ్బందిని జరిపేస్తారు. "రమాసుందరి అనే టీచరమ్మాయి మీద అర్జీ వచ్చింది. తల్లీకూతుళ్ళిద్దరూ క్రైస్తవులనీ, మీ ఇంట్లో ప్రార్థనకు వస్తారనీ, హిందువునని చెప్పి ఉద్యోగం తీసుకుందనీ. పేరులేని అర్జీ అయితే చించి పారేసేవాణ్ణండీ. కానీ దీని కింద మీ అబ్బాయి సంతకం ఉంది."

దానమ్మ చేతిలోని గిన్నె అలాగే పట్టుకుని ఉండిపోయింది. నిజమని తేలితే ఉద్యోగం పోవడంతో ఆగదు, కేసు కూడా పెడతారు. దానమ్మ బాప్తిస్మం ఎప్పుడో దివి తాలూకాలో వాళ్ళ ఊరి కాలవలో అయింది. రూతుకు అసలు కానేలేదు. ఇక్కడ వేరే సాక్ష్యం ఏదీ లేదు. ఉన్నది మణెమ్మక్క మాట ఒక్కటే.

మణెమ్మక్క గరిటె తిప్పుతూనే ఉంది.

"చెప్పమ్మా" అన్నాడు జాన్‌బాబు. "నేనేమీ కల్పించి రాయలేదు. ఉన్నదే చెప్పు."

ఆమె కొడుకువైపు చూసింది. ఆ తరవాత రూతువైపు చూసింది.

"కాదండీ" అంది ఇన్‌స్పెక్టరుగారితో. "వాళ్ళు మా మనుషులు కాదు."

"మరి ఇక్కడ..." అన్నారాయన, ఆమె చూపు వెంటే రూతువైపు చూసి.

"ఆసుపత్రికి గంజి మోయడానికి వస్తారండీ. ఆ పనికి మతంతో ఏం పని."

"మీ అబ్బాయి అబద్ధం రాశాడంటారా?"

మణెమ్మక్క గరిటె తిప్పడం ఆపింది. "తనకు ఉద్యోగం రాలేదని కడుపుమంట అండీ. అబద్ధమే రాశాడు."

భానుమూర్తిగారు తేలిగ్గా ఊపిరి తీసుకున్నారు. "మీరు చెప్పారు, నాకు చాలు. మణెమ్మగారి నోట అబద్ధం రాదని వీధి మొగలో ఇద్దరు ముగ్గురు చెప్పారు. రోజూ ప్రార్థన చేసుకునే మనిషి, ఆఫీసులో నేనూ అదే చెబుతాను." చెప్పులు వేసుకుంటూ జాన్‌బాబు భుజం తట్టారు. "చదువుకున్నవాడివి, ఇలా ఆడపిల్లల ఉద్యోగాల మీద పడకూడదు బాబూ."

నాకు మొదట సంతోషమే వేసింది. రూతు గట్టెక్కింది కదా అనుకున్నాను. జాన్‌బాబు ముఖం చూశాక ఆ సంతోషం ఎక్కడా లేకుండా పోయింది.  వాడు లోపలికి వెళ్ళి చొక్కా మార్చుకుని సంచీ తీసుకుని వీధి తలుపు నుంచి వెళ్ళిపోయాడు. మణెమ్మక్క పిలవలేదు.

దానమ్మ వచ్చి ఆమె కాళ్ళ మీద పడింది.

"లే. నన్ను ముట్టుకోకు" అంది మణెమ్మక్క. "ప్రార్థనలో విన్నదాన్ని వాడు ఆఫీసుకు మోశాడు. అది వాడి తప్పు. అలాగని వాడు రాసింది అబద్ధం కాదు. అబద్ధం నాది."

"నేను ఉద్యోగం మానేస్తా పెద్దమ్మా" అంది రూతు ఏడుస్తూ.

"నోరు ముయ్యి" అంది దానమ్మ, నేలమీంచి లేవకుండానే. "మానేసి ఏం చేస్తావు, నాతోపాటు దొడ్లు కడుగుతావా?"

మణెమ్మక్క పొయ్యిలో కట్టె బయటికి లాగి నీళ్ళు చల్లింది. "ఇకనుంచి మీరిద్దరూ బుధవారం రావద్దు. ఆదివారం గుడికీ రావద్దు. ఎవరైనా చూస్తే మళ్ళీ అడుగుతారు. ఇంకోసారి ఆ మాట చెప్పడం నావల్ల కాదు."

"గుడికి రాకపోతే నేనేమైపోతానక్కా?"

"నాకు తెలీదు దానమ్మా."

"గంజికన్నా రానిస్తావా?"

"గంజికి రా. గంజికే వస్తావని చెప్పాగా."

రూతును ఇంటికి పంపేసి మేం ముగ్గురం రిక్షాలో గంజి గిన్నె పెట్టించుకుని బయలుదేరాం.   మణెమ్మక్క ఇంట్లో ప్రార్థనలకు మేం వెళ్ళేది బలం కోసమని అనుకునేదాన్ని. ఆ ప్రార్థనే ఒక ఇంట్లో కొడుకును, ఒక ఇంటికి దేవుణ్ణి లేకుండా చేసిందని తలచుకుంటే నాకు ఆ రోజు దేవుడి మీద కూడా కోపం వచ్చింది. వచ్చిందని చెప్పడానికి భయం లేదు.

మగవాళ్ళ వార్డులో చివరి మంచం మీద పుల్లయ్య అనే ముసలాయన ఉన్నాడు. కొండపల్లి వైపు నుంచి ఎవరో తెచ్చి చేర్చి వెళ్ళిపోయారు. దానమ్మ ఆయన తల ఒళ్ళో పెట్టుకుని గంజి తాగించింది. తాగడం అయ్యాక ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఒక్క ముక్క ప్రార్థన చెయ్యమ్మా. రాత్రి నిద్రలేదు."

పక్క మంచం దగ్గర రోగి తాలూకు మనుషులు ఇద్దరు కూర్చుని ఉన్నారు. దానమ్మ తలెత్తి మణెమ్మక్కను చూసింది. మణెమ్మక్క గోడవైపు తిరిగిపోయింది.

"నాకు రాదు తాతా" అంది దానమ్మ.

"పోయిన శనివారం చేశావుగా తల్లీ, ఇక్కడే కూర్చుని."

దానమ్మ చెంగుతో ఆయన మూతి తుడిచింది.

"అది నేను కాదు తాతా. ఇంకెవరో అయి ఉంటుంది" అంది.