కోల్డ్ స్టోరేజీలో పన్నెండు నోటుబుక్కులు

సోమవారం పొద్దున సక్కుబాయి లైబ్రరీ తాళం తీసేసరికి లోపల నీళ్లు చీలమండల దాకా ఉన్నాయి. పైన ట్యాంకు పైపు పగిలింది. శంషాబాద్ శివారు బస్తీలో ఈ ఒక్క గది కోసం ఆమె తొమ్మిదేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగింది, రెండుసార్లు పోలీస్ స్టేషన్‌లో కూర్చుంది. ఏడవడానికి టైం లేదు. చీర ఎగ్గట్టి మెయిన్ స్విచ్ ఆపింది. పైకెక్కి వాల్వు తిప్పింది. బస్తీని కేకేసింది.

కథల పుస్తకాలు, పరీక్షల పుస్తకాలు మళ్లీ దొరుకుతాయి. దొరకనివి కింది అరలో ఉన్నాయి: పన్నెండు పొడుగు నోటుబుక్కులు. ముప్పై దాటాక అక్షరాలు నేర్చుకున్న సక్కుబాయి, ఎయిర్‌పోర్టు కింద భూములు పోయిన ముసలివాళ్ల దగ్గర కూర్చుని రాసుకున్నవి. ఏ చేను పేరేంటి, ఏ బావి ఎవరు తవ్వారు, ఏ గట్టు మీద ఎవరు కొట్లాడుకున్నారు. పాస్‌బుక్కులో సర్వే నెంబరే ఉంటుంది, చేను పేరు ఉండదు. చెప్పినవాళ్లలో సగం మంది ఇప్పుడు లేరు. ఇంకో కాపీ లేదు. ఆ నోటుబుక్కులు తడిసి ఇటుకల్లా ఉబ్బాయి.

డిగ్రీ కాలేజీ లైబ్రరీలో పనిచేసే పూర్ణిమకు ఫోన్ చేసింది.

"పేజీలు ఇప్పకక్కా, చినుగుతయ్. రెండు రోజులల్ల ఆరబెట్టాలె. కాదంటె గడ్డకట్టే చలిల పెట్టు, బూజు రాదు. ఎన్క ఒక్కొక్కటి తీసి నిమ్మలంగ ఆరబెట్టుకో."

చలి అనగానే గోవర్ధన్ గుర్తొచ్చాడు. ఎయిర్‌పోర్టు రోడ్డులో ఓ కోల్డ్ స్టోరేజీకి మేనేజరు. ఈ లైబ్రరీ కోసం ఆమె పక్కన మూడు రోజులు నిరాహార దీక్షలో పడుకున్నవాడు. ఇక్కడే చదివి ఉద్యోగం తెచ్చుకున్నవాడు.

"నువ్వు అడగాల్నా అక్కా? తీస్కరా. నా పానం లెక్క చూస్కుంట," అన్నాడు.

నోటుబుక్కులకు గుడ్డ చుట్టి, కవర్లలో పెట్టి, రెండు ట్రేలలో సర్ది ఆటోలో తీసుకెళ్లింది. గేటు దగ్గరే అందుకున్నాడు. ఎక్కడ పెడతావో చూస్తానని అనబోయి ఆగింది. నమ్మలేదని చిన్నబుచ్చుకుంటాడేమో.

ఉన్న ఫ్యాన్లన్నీ, ఉన్న మనుషులందరినీ మిగతా పుస్తకాలకు పెట్టింది. రోజూ ఫోన్ మాత్రం చేసింది. మంగళవారం, "రాయి లెక్క గట్టివడ్డయక్కా," అన్నాడు. బుధవారం, "ఏం పరేషాన్ గాకు." గురువారం జోకు కూడా వేశాడు: "ఐస్‌క్రీం పక్కనే పెట్టిన. ఎవలన్న నాకి పోతరనుకుంటున్నవా ఏంది?" ఆమె పగలబడి నవ్వింది.

శనివారానికి గది ఆరింది. ఒక్కో నోటుబుక్కూ తెచ్చుకుందామని వెళ్లింది. గోవర్ధన్ ఫోన్ ఎత్తలేదు. లోడింగ్ చేసే మల్లేశ్వర్‌ను అడిగింది.

"గా బుక్కులా అమ్మా? జనరేటర్ ఎన్క ఉన్నయ్. సోమారం సాయంత్రం సంది గాడ్నే. సారే పెట్టుమన్నడు."

జనరేటర్ వేడికి కవర్లు లోపల చెమట పట్టి ఉన్నాయి. విప్పింది. నల్లబూజు, పచ్చబూజు. పేజీ ఎత్తబోతే ముద్దగా చేతికొచ్చింది.

గోవర్ధన్ పరుగున వచ్చాడు. "అక్కా, జర ఇను. పెద్దసారు తనిఖీకొచ్చిండు. తినే సరుకుల నడుమ గివేంది అన్నడు. నా నౌకరి పోతుండె."

"నౌకరి పోగొట్టుకొమ్మన్ననా? బయట పెట్టిన అని ఒక్క మాట జెప్తే బస్తీ మొత్తం కూసొని ఆరబెడుతుంటిమి గదరా!"

"ఎట్ల చెప్పాల్నో తెల్వలే."

"ఐస్‌క్రీం పక్కన అని చెప్పెతందుకు తెలిసింది?"

అతడు గొంతు తగ్గించాడు. "బస్తీల అడిగితె, కరెంటు పోయి ఖరాబైనయని చెప్పు అక్కా. నా ఇజ్జత్ కాపాడు."

వీడు చేసింది చాలక, వీడి అబద్ధాన్ని తను మోయాలట!

సక్కుబాయి ట్రేలు ఈడ్చుకుపోయి, లారీలు ఆగేచోట ఎండలో చతికిలబడింది. తొమ్మిది నోటుబుక్కులు తెరుచుకోలేదు. మూడింట్లో నడిమి పేజీలు విడిపడ్డాయి, అక్షరాలు ఇంకా కనిపిస్తున్నాయి. ఇంకాసేపుంటే అవీ ఉండవు. మల్లేశ్వర్ దగ్గర మార్కర్ లాక్కుంది, ఖాళీ అట్టపెట్టె చించి తిరగేసింది. "ఈరమ్మ చెప్పింది," అని పైకి చదువుతూ రాయడం మొదలుపెట్టింది. "జిల్లేడు చెలక. రెండెకరాలు."

వెనక లారీ హారన్ కొట్టింది.

"లెవ్వక్కా, లారీ ఆగింది," అన్నాడు గోవర్ధన్.

"ఆగనీ."

సెక్యూరిటీ వాడు వచ్చాడు. "ఎవరు సార్ గీమె?"

గోవర్ధన్ రోడ్డు వైపు చూశాడు. "ఎవరో లైబ్రరీ ఆమె. బయటికి పంపియ్."

సక్కుబాయి తలెత్తలేదు. రెండో చేను పేరు రాస్తోంది.