నజీహ్ పేరు మీద నాలుగు వందల పన్నెండు పనులు

నజీహ్‌కు నేనంటే పడదన్న సంగతి మా మూడో అంతస్తులో అందరికీ తెలుసు. పెద్దకొడుకు షాహెర్ పేరు మీద అందరూ ఆయన్ని అబూ షాహెర్ అనేవారు. యాభై నాలుగేళ్ళ మనిషి. మెడలో ఎప్పుడూ గళ్ళ మఫ్లరు, నోట్లో ఎప్పుడూ ఎవరో ఒకరి మీద ఒక ముల్లు.

మా కంపెనీ ఆస్పత్రుల రక్తనిధుల కోసం ఒక వ్యవస్థ తయారుచేస్తోంది. ఏ ఆస్పత్రిలో ఏ గ్రూపు రక్తం ఎంత ఉంది, ఎన్నాళ్ళు నిలవ ఉంటుంది, ఎవరు ఎవరిని అడగాలి, ఇందులో ఎక్కువ భాగం మోడలింగ్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టెలుగా, గీతలుగా గీసి పెట్టింది ఆయనే. పందొమ్మిది వందల పెట్టెలు. ఆరేళ్ళ చాకిరీ. ఆ మోడల్‌లో ఎవరు ఏం మార్చాలన్నా ఆయన అనుమతి ఉండాలి.

జనవరి మొదట్లో మా మేనేజరు మున్జిర్ నన్ను తన గదికి పిలిచాడు.

"ఆ బొమ్మలు చూడ్డానికి బాగానే ఉన్నాయి రుదైనా. ఏది ఎప్పటికవుతుందో మాత్రం ఒక్కటీ చెప్పదు. షెడ్యూల్ వేసే యాడ్-ఇన్ ఒకటి తెప్పించాను. మోడల్ లోపలే కూర్చుంటుంది. ఒక్కో పెట్టెనీ ఒక్కో పని చేసి, ఎవరు చెయ్యాలో, ఎన్ని రోజులు పడుతుందో చూపిస్తుంది. అది ఎక్కించి, నడిపించి చూపించు. డాక్టర్ ఇఖ్లాస్ వచ్చేలోగా తెర మీద కనపడాలి."

డాక్టర్ ఇఖ్లాస్ అంటే ప్రభుత్వం తరఫున మా పని చూసే అధికారి. నెలకు రెండుసార్లు వచ్చేది. నవ్వేది కాదు.

"అబూ షాహెర్‌తో చెప్పారా ఉస్తాద్?"

"నువ్వు చెప్పు. నీకంటే చిన్నవాడా ఏంటి, ఏడుస్తాడని భయపడ్డానికి?"

చెప్పాను. కిటికీ పక్కన సోబా పొయ్యి ముందు చేతులు కాచుకుంటున్నాడాయన. వెనక్కి తిరక్కుండానే విన్నాడు.

"నా మోడల్‌కి గడియారం కడతావన్నమాట."

"కంపెనీ మోడల్ కదా అబూ షాహెర్" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

ఆయన కళ్ళద్దాలు తీసి, మఫ్లరు కొసతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. "కంపెనీదా! మంచిమాట. అయితే తాళంచెవి కంపెనీనే అడుగు తల్లీ."

తొమ్మిది రోజులు అనుమతి ఇవ్వలేదు. మూడు ఉత్తరాలు రాశాను. నాలుగోది మున్జిర్ రాస్తే, గురువారం సాయంత్రం అందరూ లేచి కోట్లు తొడుక్కుంటున్న వేళ వచ్చింది అనుమతి, ఒక్క మాట కూడా లేకుండా. శుక్ర, శనివారాలు మాకు సెలవు; ఆ వారం నా పని మొదలవకూడదని ఆయన కోరిక. నేను ఆదివారం మొదలుపెట్టాను.

ఎక్కించడం పది నిమిషాల పని అని దానితో వచ్చిన కాగితంలో రాసుంది. ఎక్కించాను, 'పూర్తయింది' అని చూపించింది. మోడలింగ్ సాఫ్ట్‌వేర్ తెరిస్తే పై వరసలో దాని పేరే లేదు. తీసేసి మళ్ళీ ఎక్కించాను. లేదు. యంత్రం ఆపి మళ్ళీ వేశాను. లేదు. అలా రెండు రోజులు గడిచాయి. అబూ షాహెర్ టీ కప్పుతో నా బల్ల పక్కనుంచి వెళ్తూ ప్రతిసారీ ఆగేవాడు.

"ఏమ్మా, పుట్టిందా బిడ్డ? ఇంకా నొప్పులేనా?"

వెనక కుర్చీల్లోంచి నవ్వులు. నా పక్కన కూర్చునే లమీస్ కూడా తలవంచుకుని నవ్వింది. ఆమె మా పరీక్షల విభాగం, నాతో కలిసి తినే మనిషి. నాకు ఒళ్ళు మండిపోయింది.

మూడో రోజు తెలిసింది అసలు సంగతి. మా మోడలింగ్ సాఫ్ట్‌వేర్‌ను పోయిన ఏడే కొత్త రకానికి మార్చారు, అరవైనాలుగు బిట్లది. మున్జిర్ తెప్పించిన యాడ్-ఇన్ పాత ముప్పైరెండు బిట్లది. ఎక్కుతుంది, కానీ కొత్తదాని కంటికి కనపడదు. సరైనది అడిగి తెప్పించి ఎక్కించాక పై వరస చివర దాని పేరు వచ్చింది. అది ముందుగా పనిదినాల పట్టిక అడిగింది. అందులో శని, ఆదివారాలు సెలవులని ముందే రాసిపెట్టి ఉంది. శుక్ర, శనివారాలకు మార్చాను. రమదాన్ నెలకు రోజుకు ఆరు గంటలు పెట్టాను.

ఆపైన మనుషుల దగ్గరికి వెళ్ళాల్సి వచ్చింది. ఒక్కో పెట్టెకు ఎన్ని రోజులు, దేని తర్వాత ఏది, ఇవి నేను ఊహించి రాయలేను కదా. కాగితం పట్టుకుని కుర్చీ కుర్చీకీ తిరిగాను. పన్ను వసూలు చేసేవాణ్ణి చూసినట్టు చూశారు నన్ను.

"మూడు రోజులని రాస్తే, మూడో రోజు వచ్చి నా నెత్తిన కూర్చుంటావా?" అన్నాడొకడు.

"రాసేది నేను. కూర్చునేది మున్జిర్" అన్నాను.

"ఇద్దరికీ చోటు లేదు నా నెత్తి మీద. పదిహేను రాసుకో."

అబూ షాహెర్ దగ్గరికి ఆఖరున వెళ్ళాను. అది గురువారం. అప్పటికి ఒక భాగం పూర్తిచేసి రంగురంగుల పట్టీలు తెర మీద తెచ్చాను. అయినవి పచ్చ, నడుస్తున్నవి నీలం, ఆలస్యమైనవి ఎరుపు. ఆయన లేచి వచ్చి నా తెర ముందు నిలబడ్డాడు. గదిలో పన్నెండు మంది ఉన్నారు. గొంతు ఏమాత్రం తగ్గించలేదు.

"మాదబా పిల్లవి కదూ నువ్వు? అదీ సంగతి. మీ ఊళ్ళో తాతల కాలం నుంచీ రంగురాళ్ళు ఏరి నేలకి అతికించడమే కదా పని. దుకాణానికి వచ్చిన విదేశీయులకి బాగా అమ్ముడుపోతాయి. ఇక్కడ రోగులకి రక్తం ఎక్కించాలమ్మా. రంగులు కాదు."

మా నాన్న ముప్పై ఏళ్ళు మొజాయిక్ పని చేశాడు. మోకాళ్ళు అరిగిపోయి ఇప్పుడు కర్ర సాయంతో నడుస్తాడు. ఆ సంగతి ఆయనకు తెలియదు, తెలిసినా ఆ మాట అనేవాడే. ఇంటికి పోయే బస్సులో ఆ మాటను నమిలి నమిలి చేదు చేసుకున్నాను.

ఆదివారం మొత్తం మోడల్‌కు లెక్క కట్టించాను. పన్నెండు సెకన్లు తిరిగి తెర నిండింది. ఇంకా కానివాటిలో నజీహ్ పేరు మీద నాలుగు వందల పన్నెండు పనులు. మూడొంతులు ఎరుపు. ఆ ఎర్ర పట్టీ తెర కుడి అంచు దాటి, జరిపేకొద్దీ జరిగి, ఇంకో నాలుగేళ్ళ అవతల ఆగింది. మిగతావాళ్ళంతా ఆయన వెనకాల పచ్చగా నిలబడి ఎదురుచూస్తున్నట్టు ఉంది.

కొంచెం కింద జుహైర్ అని ఒక పేరు. అతని మీద ముప్పై ఒక్క పనులు. జుహైర్ నాలుగేళ్ళ కిందటే ఉద్యోగం మానేసి కువైట్ వెళ్ళిపోయాడు.

అప్పుడర్థమైంది నాకు. 'ఎవరు చెయ్యాలి' అన్న చోట ఈ యాడ్-ఇన్, తనంతట తానుగా, పెట్టెను మొదట గీసినవాళ్ళ పేరు తీసుకుంటోంది. పని అప్పగించిన మనిషి పేరు వేరే చోట ఉంది. సెట్టింగుల్లో మూడో వరస. అది మారిస్తే చాలు. రెండు నొక్కుల పని.

మార్చలేదు.

మరిచిపోయానని చెప్పుకోవచ్చు. మరిచిపోలేదు. ఆ ఎరుపంతా చూస్తుంటే గురువారం ఆయన అన్న మాటకి బదులు దొరికినట్టు అనిపించింది. మంగళవారం సమావేశం. ఆయన్ని ఒక్క గంట అలా కూర్చోబెడదాం, తర్వాత మారుద్దాం అనుకున్నాను. మున్జిర్ వచ్చి చూసి, నా కుర్చీ వీపు మీద తట్టి, "ఇదే. ముట్టుకోకు" అన్నాడు.

మంగళవారం డాక్టర్ ఇఖ్లాస్ ఎదురుగా మున్జిర్ ఆ ఎర్ర పట్టీని గోడ మీద పెద్దది చేసి చూపించాడు.

"దాచడమెందుకు డాక్టర్? పని మొత్తం ఒక్క మనిషి దగ్గర ఇరుక్కుంది. ఇది నా మాట కాదు, మోడల్ మాట."

అబూ షాహెర్ చాలాసేపు గోడ వైపు చూశాడు. అందులో జుహైర్ పేరు చూసి లెక్క తప్పని ఆయన పోల్చే ఉంటాడు, అంత చురుకైన కళ్ళున్న మనిషి. ఆ తర్వాత నా వైపు చూశాడు. నేను నోరు తెరుస్తానేమో అని ఆగినట్టుంది. తెరవలేదు. ఆయన కాగితాలు సర్దుకుని, "మోడల్‌కి మాటలు కూడా నేర్పారన్నమాట" అని లేచి వెళ్ళిపోయాడు.

బుధవారం పొద్దున్న ఆయన బల్ల ఖాళీగా ఉంది. ఆయన్ని కింద అంతస్తులో పాత దస్తావేజుల గదిలో వేశారు. ఆరేళ్ళ మోడల్ తాళంచెవి నా చేతికి వచ్చింది.

సంతోషం ఒక పూట ఉంది. మధ్యాహ్నం భోజనం దగ్గర లమీస్ తన రొట్టె తీసుకుని వేరే బల్లకు వెళ్ళింది.

"ఏంటి లమీస్?"

"నా పేరు మీద ఎన్ని రాశావో చూసుకుని వస్తా. చూసుకోకుండా నీ పక్కన తినాలంటే భయమేస్తోంది."

ఆ సాయంత్రమే మూడో వరస మార్చి లెక్క కట్టించాను. నజీహ్ పేరు మీద పందొమ్మిది పనులు మిగిలాయి. మూడే ఆలస్యం. ఎరుపు పోలేదు, చోటు మారింది. ఆమోదం కోసం ఆగిన పెట్టెలు యాభై ఎనిమిది. అన్నీ మున్జిర్ దగ్గర. అన్నిటికంటే పాతది రెండు వందల పద్నాలుగు రోజులుగా ఒక్క సంతకానికి పడి ఉంది.

మర్నాడు మున్జిర్ గదికి వెళ్ళి చూపించాను. తలుపు మూయమన్నాడు.

"దీన్ని ఎక్కించింది ఎవరు?"

"నేనే."

"మంగళవారం చూపించిన లెక్క కట్టిందీ నువ్వేగా. అది తప్పంటే నువ్వు పనికిరానిదానివి. ఇది తప్పంటే ఏ గొడవా లేదు. ఏది తప్పో ఆలోచించుకుని చెప్పు."

"మంగళవారందే తప్పు ఉస్తాద్. ఆదివారమే తెలుసు నాకు."

అతను ఒక్క క్షణం ఆగి నవ్వాడు. "అంటే నువ్వూ కావాలనే చేశావు. మరి నా దగ్గరికి నీతులు మోసుకొచ్చావేంటి? పో, ఆ కొత్త లెక్క మూసేసి, పాతదే ఉంచు."

అతను అన్నది నిజం కాబట్టి ఇంకా కాలింది. పాతది ఉంచలేదు గానీ, రెండు వారాలు నోరు మెదపలేదు కూడా. ఉద్యోగం పోతుందని భయం. నాన్న మోకాలి మందులు, తమ్ముడి చదువు, అన్నీ నా మీదే.

తర్వాతి సమావేశంలో మున్జిర్ "తెర పెట్టు" అన్నాడు. కొత్తది పెట్టాను. గోడ మీద తన పేరు, పక్కన ఎర్ర పట్టీ. అతను నా చేతిలోంచి మౌస్ లాక్కోబోయాడు. డాక్టర్ ఇఖ్లాస్ చెయ్యెత్తింది.

"ఆగండి. రెండు వారాల కింద ఇక్కడ వేరే పేరుంది."

"అది నా తప్పు డాక్టర్" అని మొత్తం చెప్పాను. గీసినవాళ్ళ పేరు, చేసేవాళ్ళ పేరు, మూడో వరస. ముందే తెలిసీ ఊరుకున్నానని కూడా చెప్పాను.

మెచ్చుకుంటుందని ఎక్కడో ఆశ ఉండి ఉంటుంది నాకు. ఆమె కలం బల్ల మీద పెట్టింది.

"దక్షిణాన నాలుగు ఆస్పత్రుల్లో ఇప్పటికీ రక్తం కోసం ఫోను పట్టుకుని ఊరూరూ అడుగుతున్నారు. మీరిక్కడ ఒకరి మీద ఒకరు రంగులు పూసుకుంటున్నారు. ఈయన సంతకం పెట్టడు. నువ్వు తెలిసీ చెప్పవు. మీలో ఎవర్ని నమ్మమంటావు అమ్మాయ్?"

బయట సిలిండర్లు అమ్మే గ్యాస్ బండి తన పాట వాయించుకుంటూ వీధి చివరి దాకా వెళ్ళింది.

మున్జిర్ ఉద్యోగం పోలేదు. ఆమోదాలు మాత్రం అతని చేతిలోంచి తీసి ముగ్గురికి పంచారు. యాభై ఎనిమిదిలో నలభై ఒకటి పది రోజుల్లో తేలిపోయాయి. అబూ షాహెర్‌ను పైకి రమ్మన్నారు. ఆయన వెంటనే రాలేదు. నేనే కింద గదికి వెళ్ళాను. అట్టపెట్టెల మధ్య కోటు విప్పకుండా కూర్చుని ఉన్నాడు. ఆ గదికి సోబా లేదు.

"క్షమించండి అబూ షాహెర్."

"నిజం చెప్పావని విన్నాను. రెండు వారాల మీద రెండు రోజులు చెప్పలేదనీ విన్నాను. రెండూ నా లెక్కలో ఉన్నాయి."

"మీరు మా నాన్నని అన్న మాట..."

"మీ నాన్న నాకు తెలియదు. అన్నది నిన్ను." మఫ్లరు మెడకి బిగించుకుని, "అనకూడని మాటే. దానికి నన్ను నాలుగు తిట్టాల్సింది. ఆరేళ్ళ పని మీద నా పేరు రాసి గోడకి కొట్టడం కాదు. ఇక పో. చలిగా ఉంది" అన్నాడు.

తిరిగి వచ్చాక ఆయన యాడ్-ఇన్‌ను తిట్టడం మానేశాడు. నా కంటే బాగా వాడాడు. ప్రతి పనికీ తేదీ రాసి, తేదీకి ఒక రోజు ముందే ముగించేవాడు. నాతో మాత్రం మాట్లాడలేదు. చెప్పాల్సింది ఉంటే లమీస్‌తో చెప్పించేవాడు, మధ్యలో రెండు అడుగుల దూరమే ఉన్నా. "పదిహేడో పని తర్వాతే పద్దెనిమిదోది అని ఆమెకి చెప్పు." ఆమె నా వైపు తిరిగి చెప్పేది. నేను రాసుకునేదాన్ని.

జూన్‌లో, అయిదు వారాలు ఆలస్యంగా, వ్యవస్థ నడక మొదలుపెట్టింది. మొదటి రోజు దక్షిణం నుంచి రక్తం కావాలని వచ్చిన అభ్యర్థన పదకొండు నిమిషాల్లో తీరిందని డాక్టర్ ఇఖ్లాస్ ఫోను చేసింది. అబూ షాహెర్‌కే చేసింది. ఆయన "సరే డాక్టర్, సరే" అంటూ కిటికీ వైపు తిరిగి చాలాసేపు నిలబడ్డాడు.

సెప్టెంబరులో నేను వేరే కంపెనీకి మారాను. మోడల్ తాళంచెవి మళ్ళీ అబూ షాహెర్ దగ్గరే ఉంది కాబట్టి, వెళ్ళేముందు అప్పగింతల జాబితా ఆయన నుంచే రావాలి. ఇరవై ఏడు అంశాలు, వరసగా, తప్పులేకుండా. పైన నా పేరుంది, పలకరింపు లేదు. మధ్యాహ్నానికల్లా ఇరవై ఏడూ పూర్తిచేసి పంపించాను. 'అందింది' అని ఒక్క మాట వచ్చింది. సంచీ తగిలించుకుని మెట్లు దిగి మాదబా బస్సు కోసం నిలబడ్డాను.