చల్లగా ఉంచాల్సిన మందు

మంచు మీద జారడమంటే నాకేదో సరదా అని మీరు అనుకోవద్దు. మెట్లు దిగాలన్నా గోడ పట్టుకునే రకం నేను. ఆ వారాంతం కొండకి వెళ్ళింది జొవిలిన్ కోసం. ఆ పిల్లకి పదేళ్ళ వయసు నుంచీ షుగరు. పూటపూటా ఇన్సులిన్ పొడుచుకోకపోతే ప్రాణం మీదికొస్తుంది. అలాంటిది స్కీయింగుకి పోతానని ఎగురుతుంటే, ఆ నెస్టర్ గాడి చేతిలో పెట్టి పంపడానికి నాకేమైనా పిచ్చా?

ముగ్గురమూ ఫిలిప్పీన్స్‌లో ఇలోయిలో వైపు వాళ్ళం. జపాన్ వచ్చి నియిగతాలో చదువుతున్నాం, ఒకే హాస్టలు. నేను చేపల పెంపకం మీద పరిశోధన చేస్తున్నాను, వాళ్ళిద్దరిదీ ఇంజినీరింగు. వయసులో పెద్దదాన్ని కనక నన్ను మానంగ్ కోరా అంటారు, అంటే కోరక్క అన్నమాట. నేను పెద్దరికం వెలగబెడతానని వెనకాల నవ్వుకుంటారు కూడా. నవ్వుకోనీ, నాకేం?

శుక్రవారం సాయంత్రం హోషినో గారింట్లో దిగాం. ఆవిడకి డెబ్భై దాటాయి. స్కీయింగుకి వచ్చేవాళ్ళకి పై గదులు అద్దెకిచ్చి, వండి పెడతారు. గదిలో కిరసనాయిలు స్టవ్వు భగభగా మండుతోంది. జొవిలిన్ అడుగు పెట్టీ పెట్టగానే ముక్కు చిట్లించింది.

"ఈ గదిలో పెడితే నా మందు ఉడికి చారైపోతుంది," అని, ఇన్సులిన్ పెన్నులున్న చిన్న సంచిని కిటికీ తెరిచి బయట మేకుకి తగిలించింది.

"కింద వంటింట్లో ఫ్రిజ్ ఉంది కదే," అన్నాను.

"అక్కడ పెడితే ఇదేమిటమ్మా అని ఆవిడ అడుగుతుంది. మళ్ళీ నా రోగం కథంతా చెప్పాలి. ఎందుకొచ్చిన గొడవ? మందు చల్లగా ఉండాలి, అంతేగా? ఇంతకంటే చల్లటి చోటు ఎక్కడుంది మానంగ్?"

"దేశమంతా ఫ్రిజ్జే, పైగా కరెంటు బిల్లు లేదు!" అని నెస్టర్ పకపకా నవ్వాడు. నాకూ నిజమే కదా అనిపించింది. ఆ కిటికీ మూసింది నేనే.

మర్నాడు పొద్దున్నే కొండ మీదికి వెళ్ళాం. నెస్టర్ నాకు గురువు.

"మోకాళ్ళు వంచు మానంగ్, పీట మీద కూర్చున్నట్టు."

"కూర్చుంటే మళ్ళీ లేవలేనురా తోతో!" అని నేను అరుస్తూనే ఉన్నాను. మా వైపు మగపిల్లల్ని తోతో అంటాం, వాడు పాతికేళ్ళ గాడిద అయినా సరే. ఐదేళ్ళ జపాన్ పిల్లలు నా పక్క నుంచి రివ్వున పోతూ, పాపం అన్నట్టు వెనక్కి చూస్తున్నారు. జొవిలిన్ మాత్రం పడుతూ లేస్తూ, మొహమంతా మంచు పూసుకుని, కేరింతలు కొడుతోంది. ఆ పిల్ల అంత సంతోషంగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు. అదే నాకు భయం.

మధ్యాహ్నానికి నా భయానికి ఒక రూపం వచ్చింది. జొవిలిన్ నీళ్ళ సీసా తరవాత సీసా ఖాళీ చేస్తోంది. మాటిమాటికీ మరుగుదొడ్డికి పోతోంది. పెదాలు ఎండిపోయాయి.

"ఇందాయ్, షుగరు చూసుకున్నావా? ఎంతుంది?" అన్నాను. మా వైపు ఆడపిల్లల్ని ముద్దుగా అలాగే పిలుస్తాం.

"నేను చూసుకుంటాలే."

"ఆ కూరన్నం అంత తిన్నావు, దాని మీద తియ్యటి బియ్యపు ముద్దొకటి. నేను చూడలేదనుకున్నావా?"

దాంతో ఆమెకి కోపం వచ్చేసింది. "నా కంచంలోకి చూడొద్దు మానంగ్! తిన్నదానికి సరిపడా పొడుచుకున్నాను. పదమూడేళ్ళుగా ఒక్క పూట తప్పలేదు, ఒక్క లెక్క తప్పలేదు. నా ఒళ్ళు నాకు తెలుసు."

రెండేళ్ళ స్నేహంలో తన షుగరు ఎంతుందో మాకు ఒక్కసారీ చెప్పలేదు. మిషను పక్కకి తిప్పుకుని చూసుకుంటుంది, పరీక్షలో జవాబు దాచుకునే పిల్లలా. ఆ రాత్రి ఆమె భోజనం వద్దంది, అలిసిపోయానంది, మందు పొడుచుకుని ముసుగు పెట్టింది. నాకు కంటి మీద కునుకు లేదు.

ఆదివారం పొద్దున లేచి చూస్తే బయట ప్రపంచమే లేదు. మంచు ధారగా పడుతోంది. జొవిలిన్ బకెట్టు మీదికి వంగి డోక్కుంటోంది. ఊపిరి బరువుగా, లోతుగా తీస్తోంది, గుట్ట ఎక్కి వచ్చినట్టు. దగ్గరికి వెళితే నోట్లోంచి బాగా మాగిపోయిన పండు వాసన. మిషను లాక్కుని చూశాను. అది అంకె చూపించడం మానేసి, ఇంతకు మించి కొలవడం నా వల్ల కాదని చేతులెత్తేసింది.

"పొడుచుకో! వెంటనే పొడుచుకో!"

"పొడుచుకున్నా. రాత్రి కూడా, ఇందాక కూడా. పని చెయ్యట్లేదు మానంగ్. కొత్త పెన్ను ఇవ్వు."

కిటికీ తెరిచి, మంచులో కూరుకుపోయిన సంచిని లాగాను. కొత్త పెన్ను తీసి దీపం కింద పట్టుకున్నాను. లోపల మందు తెల్లగా, రాయిలా ఉంది. ఆడించినా కదల్లేదు.

జొవిలిన్ దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

"నిన్నటిది కూడా ఇలాగే ఉందా?" అని అడిగాను.

"కొంచెం గట్టిగా ఉంది. అరచేతుల్లో రుద్ది స్టవ్వు దగ్గర పెడితే మామూలుగా అయింది. మంచి చల్లగా ఉందిలే అనుకున్నా."

గడ్డకట్టిన ఇన్సులిన్ చచ్చినట్టే. మళ్ళీ కరిగినా అందులో పస ఉండదు. ఆ సంగతి పెట్టెలో కాగితం మీద రాసే ఉంటుంది, ఆమె చదివే ఉంటుంది. కానీ మా దీవుల్లో మందు పాడైందంటే ఎండకే పాడవుతుంది. చలి కూడా మందుని చంపుతుందని మాలో ఎవరికి తోస్తుంది? శనివారం పొద్దుటి నుంచీ ఈ పిల్ల పొడుచుకున్నదంతా ఉత్త నీళ్ళు. పదమూడేళ్ళు ఒక్క లెక్క తప్పని పిల్ల!

నెస్టర్ కింద ఫోనులో ఉన్నాడు. పైకి వచ్చినప్పుడు వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"దారి మీద కొండ మంచు విరిగి పడింది, అంబులెన్సు రావడానికి లేదు. హెలికాప్టరు ఈ మంచులో ఎగరదు. సాయంత్రానికి దారి తీస్తామంటున్నారు, అదీ ఖాయం కాదు. ఊళ్ళో ఆసుపత్రికి ఆదివారం తాళం. పట్నం డాక్టరు లైన్లో ఉన్నాడు. సాయంత్రం దాకా మందు లేకుండా ఉంచితే..." వాడు జొవిలిన్ వైపు చూసి ఆగిపోయాడు. "మంచి ఇన్సులిన్ ఎక్కడైనా దొరుకుతుందేమో చూడమంటున్నాడు."

హోషినో గారు గుమ్మంలో నిలబడి అంతా విన్నారు. "మా ఊరంతా ముసలివాళ్ళమేనమ్మా. ఎవరో ఒకరి దగ్గర ఉండకపోదు. కానీ ఎవరికి ఉందో నాకు తెలీదు. మా వాళ్ళు రోగాల సంగతి బయటికి చెప్పుకోరు. ఊరి మైకులో చెప్పిస్తాను. ఈ అమ్మాయి సరేనంటేనే."

ఆ ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ గోడకి ఒక పెట్టె ఉంటుంది, వీధి మొగల్లో పెద్ద మైకులూ ఉంటాయి. చెత్త బండి ఎప్పుడొస్తుందో, ఎలుగుబంటి ఎక్కడ తిరుగుతోందో అందులోనే చెబుతారు.

"వద్దు," అంది జొవిలిన్.

"ఏంటే వద్దు?"

"వద్దంటే వద్దు! నీకు తెలీదు మానంగ్. నా చిన్నప్పుడు తుఫానుకి నెల్లాళ్ళు మా దీవిలో కరెంటు లేదు. మా అమ్మ నా మందు కోసం ఇంటింటికీ తిరిగి ఐసు ముక్కలు అడుక్కుంది. రోజూ. జనం మా అమ్మని చూసి తలుపులేసుకునేవాళ్ళు. బళ్ళో నన్ను ఐసు అని పిలిచేవాళ్ళు, నేను ఊరొదిలి వచ్చేదాకా అదే పేరు. నా కోసం ఇంకెవరూ ఎవరి తలుపూ తట్టకూడదని ఒట్టు పెట్టుకున్నా. సాయంత్రం దాకా ఆగుతాను." ఇంత చెప్పేసరికి ఆయాసంతో వెనక్కి వాలిపోయింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "నోర్ముయ్! నువ్వు ఆగుతావా? అది ఆగుతుందా? నీకేమైనా అయితే మీ అమ్మకి ఫోను చెయ్యాల్సింది ఎవరు? నేను! నేను చెయ్యను. వినపడిందా? ఆ ఫోను నేను చచ్చినా చెయ్యను!" అరుస్తూ అరుస్తూ ఏడ్చేశాను. నెస్టర్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

కాసేపటికి దుప్పట్లోంచి చిన్న గొంతు వచ్చింది. "పేరు చెప్పొద్దు."

"ఈ కొండ మీద ఫిలిప్పీన్స్ వాళ్ళం మనం ముగ్గురమే ఇందాయ్," అన్నాడు నెస్టర్ ముక్కు తుడుచుకుంటూ. "పేరెందుకు?"

గోడ మీద పెట్టె మోగింది. ఒక పెద్దాయన గొంతు, ఒక్కో మాటా నిలిపి నిలిపి చెప్పింది: హోషినో గారింట్లో ఒక విద్యార్థిని ప్రాణాపాయంలో ఉంది, ఇన్సులిన్ కావాలి, కొత్తది ఉన్నవారు దయచేసి ఇవ్వండి. అవే మాటలు వీధి మైకుల్లోంచి లోయంతా తిరిగి మళ్ళీ మా కిటికీకి వచ్చి తగిలాయి. జొవిలిన్ చెవులు మూసుకుంది.

ఎవరూ రాలేదు. నేను కిటికీ దగ్గర నిలబడి వీధి వైపు చూస్తూనే ఉన్నాను. నడుముల్లోతు మంచు, అందులో ఎవరు వస్తారు? వినీ ఊరుకున్నారా? ఎవరికో ఏదో అయితే మనకెందుకనుకున్నారా? జొవిలిన్‌ని పిలిస్తే పలకడం ఆలస్యమవుతోంది. నాకు తెలిసిన ప్రార్థనలన్నీ సగం సగం గుర్తొస్తున్నాయి, ఏదీ చివరిదాకా రావడం లేదు.

అప్పుడు కింద తలుపు జరిగిన చప్పుడు. పడుతూ లేస్తూ పరిగెత్తాను. ఆ మెట్లు ఎలా దిగానో నాకే తెలీదు.

తల మీద, భుజాల మీద మంచుతో ఒక ముసలాయన. ఇగరాషి గారట, వీధి చివరి ఇల్లు. కోటు విప్పి, నడుముకి చుట్టుకున్న ఉన్ని పట్టీ లోపల చెయ్యి పెట్టి, సీలు తియ్యని పెన్ను ఒకటి బయటికి తీశారు.

"దారిలో గడ్డకడుతుందేమోనని పొట్టకి కట్టుకొచ్చా. పట్టుకెళ్ళు, పట్టుకెళ్ళు తల్లీ!"

జొవిలిన్ చేతిలో పెడితే, నిప్పు ముట్టుకున్నట్టు వదిలేసింది. "వెచ్చగా ఉంది! ఇది పాడైపోయింది మానంగ్. వెచ్చబడితే పనికిరాదు, అమ్మ అవతల పారేసేది..."

నెస్టర్ పెన్ను మీద పేరు చదివి డాక్టరుకి చెప్పాడు. "అదే కావాలి," అంది ఫోనులో గొంతు. "ఆ మాత్రం వేడికి ఏమీ కాదు. వెంటనే ఇవ్వండి." ఎంత ఇవ్వాలో చెప్పాడు.

జొవిలిన్ పెన్ను తీసుకుంది. వేళ్ళు జారిపోతున్నాయి, మీట తిప్పలేకపోతోంది. అప్పుడు నా వైపు చూసింది. "నువ్వు పొడువు."

తన మందు ఇంకొకరి చేత పొడిపించుకోవడం ఆమె ఎరగదు. నాకు సూదిని చూస్తే కళ్ళు తిరుగుతాయి. కొత్త సూది బిగించి, అంకె రెండుసార్లు చూసుకుని, పళ్ళు బిగబట్టి పొడిచాను.

ఇక ఎదురుచూడడమే. గుక్కెడు గుక్కెడు నీళ్ళు తాగిస్తూ, డాక్టరు చెప్పినప్పుడల్లా వేలు గుచ్చి మిషనులో పెడుతున్నాను. మిషను ఆ చేతులెత్తేసిన మాటే చూపిస్తోంది. ఇంకోసారి పెట్టినా అదే. కింద మాత్రం తలుపు జరుగుతూనే ఉంది. పోస్టాఫీసు పక్కింటావిడ వచ్చింది, ఇంకో ముసలాయన వచ్చాడు, అందరి పొట్టల దగ్గరా ఒక్కో పెన్ను.

"ఇగరాషి గారూ, మీకూనా?" అంది పోస్టాఫీసు పక్కింటావిడ.

"నీకెప్పటి నుంచి?"

"ఎనిమిదేళ్ళు. మీరు చెప్తే కదా నేను చెప్పడానికి!"

పెన్నులు ఇచ్చేశారు కదా, ఇళ్ళకి పోవచ్చు. ఎవరూ పోలేదు. హోషినో గారి పొయ్యి చుట్టూ కూర్చుని, మెట్ల వైపు చూస్తూ ఉన్నారు.

మిషను కీచుమంది. ఈసారి అంకె పడింది. ఐదు వందల నలభై. అది చూసి నేను గెంతినంత పని చేశాను. ఐదు వందల నలభైకి సంబరపడే పిచ్చివాళ్ళని మీరెక్కడైనా చూశారా? కింద నుంచి హోషినో గారు అడిగారు, ఎంతమ్మా, ఎంత? నేను జొవిలిన్ మొహం చూశాను. చెప్పనా వద్దా?

ఆమె మోచేతి మీద లేచి, ఆ బొంగురు గొంతుతో, తన వచ్చీరాని జపానులో తనే అరిచింది. "ఐదు వందల నలభై!"

కింద చప్పట్లు.

ఆ తరవాత నాలుగు వందల అరవై. అదీ ఆమే చెప్పింది. మళ్ళీ చప్పట్లు. ఫోనులో డాక్టరు గొంతులో కంగారు తగ్గింది. మూడు వందల తొంభై అన్నప్పుడు ఇగరాషి గారు ఉత్సాహం పట్టలేక మెట్ల కింద నుంచి కేకేశారు. "నాది పొద్దున మూడు వందల పది!"

ఆయన్ని వెతుక్కుంటూ అప్పుడే వచ్చిన భార్య గొంతు వినపడింది. "మూడు వందల పదేమిటి? మీకు షుగరా? నాతో ఎందుకు చెప్పలేదు?"

జొవిలిన్ ఆ మెట్ల వైపు చూసి, నా చేతిలో వేలు పెట్టి, "మళ్ళీ చూడు మానంగ్," అంది.