పిన్ను లాగని చేయి

“ముందు ఈ పిన్ను లాగాలి” అంటూ ఆమె మంటలార్పే సిలిండరు మెడను చూపుడువేలితో తాకింది, తొమ్మిదేళ్లుగా రోజూ తాకినట్టే. ఎదురుగా బల్లలమీద పన్నెండుమంది కొత్త అమ్మాయిలు. ఆ బట్టల ఫ్యాక్టరీలో మిషను ముట్టుకునేముందు ఎవరైనా ఆమె మాటలు వినాల్సిందే. ఆమె అసలు పని చొక్కాల కాజాలు సరిచూడడం. మైకు పట్టుకుని చెబుతుంది కాబట్టి పేరు మాత్రం మైకక్క.

“ఈరోజు చీటీలు చూశాకే ఈ పాఠానికి నిన్నే ఉంచాలో, నీ బదులు టీవీ పెట్టాలో తేలుస్తా” అని సూపర్‌వైజరు పొద్దునే చెప్పాడు.

విన్నవాళ్లు రాసిచ్చిన చీటీలను ఆమె చొక్కాల కింద దాచుకుని చదివింది. పదకొండింట్లో ‘బాగుంది’. కూర ఉప్పుకషాయమైనా ఇంట్లో మొగుడూ అదే అంటాడు. పన్నెండోది: ‘పిన్ను ఎంత గట్టిగా లాగాలి? మీరు లాగలేదు.’

నిజమే. పిన్నుకున్న సీలు తెగితే మళ్లీ వేయించాలని, ఎన్నడూ లాగలేదు. ఇదివరకటి చీటీల్లో వినపడలేదంటే గొంతుబిళ్లలు చప్పరించి గొంతు పెంచింది. వేగమంటే తగ్గించింది. ఇంట్లో వల్లెవేస్తుంటే “అన్నం దగ్గర కూడా నిప్పు గోలేనా తల్లీ!” అని అత్త విసుక్కునేది. ఇప్పుడేం దిద్దుకోవాలి?

మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీసింది, పెట్టింది. రెండుసార్లు పాఠం చెప్పే హాలు గుమ్మందాకా వెళ్లి తిరిగొచ్చింది. మూడోసారి అమ్మాయిలందర్నీ పిలిచింది.

“ఎవరే రాసింది? తిట్టన్లే.”

ఆమె పిన్ను పట్టుకుని లాగింది. రాలేదు. అరచెయ్యి చెమటకు జారింది.

“అక్కకే రాకపోతే మేం కిటికీలోంచి దూకడమే” అంది ఒకతి.

ఆమె పళ్లు బిగించి మెలితిప్పింది. సీలు టప్పున తెగింది.

“మెలితిప్పి లాగాలి” అంది, మైకు లేకుండా. పిన్ను మళ్లీ దూర్చి, ఒక్కొక్కరిచేతా లాగించింది.

అప్పుడే సూపర్‌వైజరు వచ్చాడు. “సీలు తెంచేశావా! రేపు తనిఖీవాళ్లకి నీ మొహం చూపించనా?”

“చూపించండి సార్. పిన్ను ఎలా లాగాలో ఈ పిల్లల్నీ అడగమనండి.”

“ఇక చీటీలూ వద్దు, ఏమీ వద్దు. రేపట్నుంచి టీవీనే. నువ్వు నీ కాజాలు చూస్కో.”

ఆమె తలూపి బయటికి నడిచింది. గుమ్మం దగ్గర ఒక పొట్టి పిల్ల కొంగు పట్టుకుంది.

“ఆ చీటీ నాదే అక్కా. నావల్లే కదా ఇదంతా?”

“అది సరే, ఎలా లాగాలో చెప్పు.”

“మెలితిప్పి.”

ఆమె పిల్ల భుజం తట్టి కాజాల దగ్గరికి వెళ్లిపోయింది.

మర్నాడు హాల్లో టీవీ మాట్లాడింది. అందులోని మనిషి నవ్వుతూ పిన్నును వేలితో తాకి వదిలేశాడు. రోజూ ఆమె నిలబడేచోట, కిటికీ అంచున, సగం విప్పిన గొంతుబిళ్ల ఒకటి కాగితానికి అతుక్కుపోయి ఉంది.