తోడికోడలి మీద ఒక్క మాట

"ఉప్పెక్కువైంది," అంది అత్తగారు ఊరిన క్యాబేజీ ఆకు కొరికి.

మిరాన్ తలెత్తలేదు. శీతాకాలానికి క్యాబేజీతో కిమ్చీ పచ్చడి పెట్టే రోజున, నాజు ఊళ్లోని ఆ పెరట్లో, ఆ మాట ఏటా పడేదే. ఆకులు కడిగిందీ, వెల్లుల్లి దంచిందీ తనే. మగవాళ్లు లోపల వెచ్చగా కూర్చుని టీవీ చూస్తున్నారు. "మా పెద్దకోడలికి చేతులే గానీ బుర్ర లేదు" అని పెళ్లయిన కొత్తలో అత్తగారు పదిమందిలో అంటే భర్త కూడా నవ్వాడు. "అమ్మ సరదాకంది. దానికే ఏడుపా?" అన్నాడు తర్వాత. అప్పట్నుంచి మిరాన్ ఏడవలేదు. ఆ నవ్వులు ఒక్కసారైనా తన వైపు ఉంటే బాగుండునని మాత్రం అనుకునేది.

పక్కనే చిన్నకోడలు దాహె ఆకులకు కారం పట్టిస్తోంది. పోయిన నెలే కడుపు పోయిన పిల్ల. చేయి జారి క్యాబేజీ నేల మీద పడింది. పొరుగు ఆడవాళ్లు అటు చూశారు.

"పోనీలెండి అత్తయ్యా, కడుపులోదే నిలుపుకోలేనిది చేతిలోది నిలుపుకుంటుందా?"

అన్నదెవరా అని ఉలిక్కిపడింది మిరాన్. తన నోరే.

పెరడంతా గొల్లున నవ్వింది. అత్తగారు ఉడికించిన పంది మాంసం లేత ఆకులో చుట్టి, స్వయంగా మిరాన్ నోటికందించింది. "ఇన్నాళ్లకు మా ఇంటి మనిషివయ్యావే!"

ఎన్నడూ అందని ముద్ద. నోరు దానంతటదే తెరుచుకుంది. దాహె కారం చేత్తోనే కళ్లు తుడుచుకుంది. కళ్లు భగ్గుమని మండాయి.

"మీరు కూడానా, అక్కా?" అంది మెల్లగా.

మిరాన్ ముద్ద ఉమ్మేసి, చెంబుతో నీళ్లు తెచ్చి ఆ పిల్ల కళ్లు కడిగింది. ఆడవాళ్లింకా నవ్వుతున్నారు.

"నవ్వకండి. నేనన్నది పాడు మాట," అంది.

"మొదలుపెట్టావూ రాద్ధాంతం!" అత్తగారి మొహం మాడింది.

"పోయిన నెల తద్దినం వంటల మధ్య ఈ పిల్ల నొప్పి అని మెలికలు తిరిగిపోయింది. వంటయ్యాక ఆసుపత్రికి వెళ్దువులే అన్నది మీరు, అత్తయ్యా. ఊఁ అన్నది నేను."